ఈ నోబడీ ఎవరు సార్?

లైనక్స్ మెషీన్లు రాసుకునే లాగుల్లో నాకు బాగా ఇష్టమైన వాక్యం ఒకటుంది. తెలుగులో చెప్పుకుంటే దాదాపు ఇలా వస్తుంది: "సర్వర్ బదులివ్వడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాను." అందులో ఫిర్యాదు లేదు, బెదిరింపు లేదు. జరుగుతున్నది చెప్పడం, చేస్తున్నది చెప్పడం, అంతే. అవతలి మెషీన్ మళ్లీ పలికిన రోజున దాని కింద ఇంకో చిన్న వాక్యం పడుతుంది: "సర్వర్ ఓకే." ఈ రెంటి మధ్య పది సెకన్లు గడిచినా పది రోజులు గడిచినా వాక్యాల్లో తేడా ఉండదు. పక్కన ఉన్న టైం చూసుకుంటేనే తెలుస్తుంది, ఆ మెషీన్ ఎంతసేపు అలా నిలబడి ఉందో.

ఈ మాటలు రాసేది ఎన్ఎఫ్ఎస్, అంటే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్. వేరే గదిలోనో వేరే ఊళ్లోనో ఉన్న మెషీన్‌లోని ఫోల్డర్ని మన మెషీన్‌లోనే ఉన్నట్టు చూపించే ఏర్పాటు. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్లు తయారుచేశారు. నలభై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో, డేటా సెంటర్లలో నడుస్తూనే ఉంది. ఫైళ్లు దాచిపెట్టేది సర్వర్. అడిగి తెచ్చుకునేది క్లయింట్. నా పన్నెండేళ్ల ఉద్యోగంలో సగం రోజులు, సరిగ్గా చెప్పాలంటే సగం రాత్రులు, ఈ ఇద్దరి మధ్య మాట పోయిన చోట్లే గడిచాయి. సాధారణంగా ఆ చోటు మాకెవరికీ కనపడని ఏదో డేటా సెంటర్ అయి ఉంటుంది. పోయిన నవంబర్లో మాత్రం అది పెదబయలు.

పాడేరు దాటి ముంచింగిపుట్టు వైపు వెళ్లే దారిలో ఉంటుంది పెదబయలు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. నవంబర్ అంటే వలిసె చేలు పసుపు పచ్చగా విరబూసి, పొద్దున తొమ్మిదింటిదాకా మంచు విడవని కాలం. కాఫీ పళ్లు కోతకొచ్చే కాలం కూడా. అక్కడ ఒక చిన్న బృందం, రిటైరైన ఒక మాస్టారు, డిగ్రీ చదివిన, చదువుతున్న నలుగురైదుగురు పిల్లలు, చుట్టుపక్కల ఊళ్లలో ముసలివాళ్ల పాటలు, కథలు రికార్డు చేస్తున్నారు. కువిలో కొన్ని, ఆదివాసీ ఒడియాలో కొన్ని, కొండ భాషలో కొన్ని. నేను అప్పుడప్పుడూ పుస్తకాల మీద నాలుగు ముక్కలు రాస్తుంటానని తెలిసి, ఆ పాటల తెలుగు అనువాదాలు చూడమని మాస్టారు పిలిచారు. కంప్యూటర్ల సంగతి వెళ్లాకే తెలిసింది.

వెనక గదిలో ఒక పాత డెస్క్‌టాప్. అదే సర్వర్. మూడేళ్లుగా చేసిన రికార్డింగులన్నీ అందులోనే. ముందు గదిలో రెండు లాప్‌టాప్‌లు, ఒక డెస్క్‌టాప్. ఇవి క్లయింట్లు. లైసెన్సులు కొనే డబ్బుల్లేక అన్నిట్లోనూ లైనక్స్. అంతకుముందు వచ్చిన వాలంటీర్ ఎవరో చక్కగా కలిపి వెళ్లారు. ఏ మెషీన్ దగ్గర కూర్చున్నా అదే పాటల ఫోల్డర్ కనపడుతుంది. విని, పక్కనే మాటలు టైప్ చేసుకోవచ్చు.

నేను వెళ్లిన రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయి, పావుగంటలో వచ్చింది. అప్పటికి ఒకమ్మాయి లాప్‌టాప్ మీద వాళ్ల అమ్మమ్మ పాట ఒకటి రాస్తోంది. పొద్దున్నుంచీ కదలకుండా కూర్చుని మూడు పేజీలు రాసింది. కువి పాట, తెలుగు లిపిలో. కువిలో గొంతు దగ్గరే ఆగిపోయే ధ్వని ఒకటుంది, దానికి తెలుగులో అక్షరం లేదు. అలాంటి చోటల్లా చిన్న గీత పెడుతూ, మళ్లీ వెనక్కి వెళ్లి వింటూ, దిద్దుతూ రాసింది. కరెంటు వచ్చాక సేవ్ కొట్టింది. స్క్రీన్ బిగుసుకుపోయింది.

అప్పుడే పాడేరు నుంచి ప్రింటర్ బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడొకడు ఉన్నాడక్కడ. చూసి, "హార్డ్ డిస్క్ పోయినట్టుందన్నా. ఆపేసి ఫార్మాట్ కొట్టేద్దాం, గంటలో అయిపోద్ది" అన్నాడు. అప్పటికే పవర్ బటన్ మీద వేలు పెట్టాడు కూడా.

"ఆగండి, ఆపొద్దు" అంది ఆ అమ్మాయి. నా కంటే ముందు ఆమే అంది.

ఆ మాట ఎంత విలువైందో చెప్పాలంటే కొంచెం లోపలికి వెళ్లాలి. ఎన్ఎఫ్ఎస్‌లో సర్వర్ పలకనప్పుడు ఏం చెయ్యాలనే దానికి రెండు పద్ధతులున్నాయి. సాఫ్ట్ మౌంట్ అనేది కొన్నిసార్లు అడిగి చూసి, ఇక లాభం లేదని చేతులెత్తేస్తుంది. ప్రోగ్రాముకి "ఎర్రర్" అని చెప్పేస్తుంది. చాలా ప్రోగ్రాములు ఆ ఎర్రర్ని సరిగా పట్టించుకోవు. ఫైల్ సగం రాసి, అయిపోయిందనుకుని ముందుకెళ్లిపోతాయి. హార్డ్ మౌంట్ అలా కాదు. సర్వర్ పలికేదాకా అడుగుతూనే ఉంటుంది. ఒక్క ముక్క కూడా పారెయ్యదు. దానికి మనం చెల్లించే మూల్యం ఈ బిగుసుకుపోవడం. ఏదీ చెప్పకపోతే లైనక్స్ ఎంచుకునేది హార్డ్ పద్ధతినే. అంటే ఆ లాప్‌టాప్ చచ్చిపోలేదు. మూడు పేజీలూ మెమరీలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. పవర్ బటన్ నొక్కితే పోయేది హార్డ్ డిస్క్ కాదు, ఆ మూడు పేజీలు.

కాకపోతే ఇదంతా నా ఊహ కావచ్చు కదా. ఊహని పరీక్షించడమే ట్రబుల్‌షూటింగ్. నాకెప్పుడూ అది కవిత చదవడం లాంటిదే అనిపిస్తుంది. ముందే ఒక అర్థం మనసులో పెట్టుకుని చదివితే పేజీ నిండా అదే కనపడుతుంది. ఆ కుర్రాడికి డిస్క్ కనపడినట్టు. పైగా అతని అనుభవంలో పదిసార్లలో ఎనిమిదిసార్లు అది డిస్కే అయ్యుంటుంది. అందుకే "నాకేమనిపిస్తోంది" అన్నది పక్కన పెట్టి "ఇక్కడ ఏం రాసుంది" దగ్గర మొదలుపెట్టాలి.

ఇంకో టెర్మినల్ తెరిచాను. తెరుచుకుంది. లాప్‌టాప్ సొంత ఫోల్డర్లని చూపించమన్నాను. తక్షణం చూపించింది. డిస్క్ పోయుంటే ఇలా ఉండదు. ఖాళీ జాగా ఎంతుందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొట్టాను. అది బిగుసుకుంది. ఎందుకంటే ఆ కమాండ్ అన్ని ఫోల్డర్లనీ పలకరిస్తుంది, దూరంగా ఉన్నవాటితో సహా. మెషీన్ మీద లోడ్ ఎంతుందో చూస్తే అంకె పదిహేను దాటింది. ప్రాసెసర్ మాత్రం ఖాళీగా కూర్చుంది. మామూలుగా ఇది పొసగదు. లైనక్స్ లోడ్ లెక్కలో పనిచేస్తున్నవాళ్లనే కాదు, డిస్క్ కోసమో ఇలాంటి దూరపు ఫైళ్ల కోసమో కదలకుండా ఎదురుచూస్తున్నవాళ్లని కూడా కలుపుతుంది. అలాంటి ప్రోగ్రాముల పక్కన "డి" అనే అక్షరం ఉంటుంది. లేపడానికి లేని నిద్ర. ఆ లాప్‌టాప్ నిండా అవే. అప్పుడు లాగ్ తెరిచాను. ఆ వాక్యం ఉంది. ఇంకా ప్రయత్నిస్తున్నాను.

సరే, క్లయింట్ ఆరోగ్యంగానే ఉంది. సర్వర్ ఉందా? పింగ్ కొట్టాను. పలికింది. ఒక్కటి కూడా పోకుండా పలికింది. చాలామంది ఇక్కడే ఆగి, నెట్‌వర్క్ బాగానే ఉంది, తప్పు ఇంకెక్కడో అనేస్తారు. పింగ్ అడిగేది ఒకటే ప్రశ్న: ఈ చిరునామాలో ఎవరైనా ఉన్నారా? ఎవరున్నారని అడగదు. అందుకని ఎన్ఎఫ్ఎస్ కూర్చునే 2049వ పోర్టు దగ్గరకు వెళ్లి తలుపు తట్టాను. అక్కడ అలాంటి సర్వీసేదీ లేదని జవాబు. ఇంట్లో మనిషున్నాడు, పలుకుతున్నాడు, కానీ మనం వెతుకుతున్న మనిషి కాదు.

వెనక గదిలోకి వెళ్లి సర్వర్ స్క్రీన్ మీద దాని అడ్రస్ చూశాను. వేరే అడ్రస్ ఉంది. జరిగింది అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో అందరికీ అడ్రస్‌లు పంచేది ఒక 4జీ రౌటర్. కరెంటు పోయినప్పుడు రౌటరూ ఆగింది, సర్వరూ ఆగింది. బ్యాటరీ ఉన్న లాప్‌టాప్ మాత్రం ఆగలేదు. కరెంటు రాగానే రౌటర్ ముందు లేచింది, ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చిందో మర్చిపోయి లేచింది. పాత డెస్క్‌టాప్ లేవడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు ఇంకెవరో వచ్చి మొదటి అడ్రస్ పట్టుకుపోయారు. అడ్రస్‌ల పక్కనుండే హార్డ్‌వేర్ నంబర్లు చూసి, గదిలో ఉన్న ఫోన్లతో ఒక్కొక్కటీ పోల్చుకుంటూ వచ్చాం. ఇంతసేపూ పింగ్‌కి నమ్మకంగా పలికింది మాస్టారి జేబులో ఫోను.

"నేనేటి చేశాను బాబూ?" అని కంగారుపడి ఫోన్ బల్లమీద పెట్టేశారాయన.

వైఫై ఆపమన్నాను. సర్వర్‌కి పాత అడ్రస్‌నే శాశ్వతంగా రాసి, రౌటర్ పంచే జాబితాలోంచి దాన్ని తీసేశాను. అంతే. ముందు గదిలోకి వచ్చేసరికి ఆ అమ్మాయి స్క్రీన్ వైపు చూస్తోంది. ఇంకో అరనిమిషం ఏమీ జరగలేదు. ఆ తర్వాత కర్సర్ కదిలింది. మూడు పేజీలూ సేవ్ అయ్యాయి. గంటా ఇరవై నిమిషాల కింద ఆమె కొట్టిన సేవ్ అది. లాగ్‌లో కొత్త వాక్యం: సర్వర్ ఓకే.

ఇది ఎలా సాధ్యమైందో తెలిస్తే ఆ పాత ఇంజనీర్ల మీద గౌరవం కలుగుతుంది. ఎన్ఎఫ్ఎస్ మొదటి రూపాల్లో సర్వర్ ఏమీ గుర్తుపెట్టుకోదు. ఎవరు ఏ ఫైల్ తెరిచారు, ఎంతవరకు చదివారు, ఏదీ దానికి పట్టదు. ప్రతి కోరికలోనూ కావలసిన వివరాలన్నీ క్లయింటే మళ్లీ చెప్పుకోవాలి. ఫలానా ఫైల్, ఫలానా చోటు నుంచి, ఇన్ని బైట్లు. అందువల్ల సర్వర్ మధ్యలో చచ్చి బతికినా ఏమీ కాదు. జ్ఞాపకం భారమంతా అడిగేవాడి మీదే. 1995లో వచ్చిన మూడో వెర్షన్ దాకా ఇదే పద్ధతి. పెదబయలు మెషీన్లలో ఉన్నది ఆ మూడో వెర్షనే.

ఇది చెబుతూ నేను కొంచెం ఉత్సాహపడ్డాను. కొండల్లో ప్రభుత్వంతో వ్యవహారం కూడా ఇలాంటిదే కదా అన్నాను. ఆఫీసు ఏదీ గుర్తుపెట్టుకోదు. వెళ్లిన ప్రతిసారీ మనిషే తన పుట్టుపూర్వోత్తరాలన్నీ మళ్లీ చెప్పుకోవాలి. వేలిముద్ర పడకపోతే, సిగ్నల్ లేకపోతే కొండెక్కి మళ్లీ ప్రయత్నించాలి. మీరంతా హార్డ్ మౌంట్ మనుషులు, మేం సిటీవాళ్లం మూడుసార్లు చూసి వదిలేస్తాం అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. "ఎదురుచూడ్డం మా గుణం కాదు సార్. మా కరెంటు గుణం" అంది.

నిజమే. రూపకాలతో వచ్చే చిక్కే ఇది. అవతలివాళ్ల కష్టానికి అందమైన పేరు దొరకగానే కష్టం సగం సమర్థించుకున్నట్టవుతుంది. ఇదే దారిలో ఇంకొంచెం ముందుకెళ్తే ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది, 1955 నుంచీ కరెంటు తీస్తోంది. ఇక్కడ ఎదురుచూపు ఒక స్వభావమని చెప్పడం తేలిక. ఒక యూపీఎస్ కొనడం అంతకంటే ఉపయోగం. సర్వర్‌కీ రౌటర్‌కీ కలిపి ఒకటి కొనాలని ఆ సాయంత్రమే కాగితం మీద రాసుకున్నాం.

అసలు విషయం మర్నాడు బయటపడింది.

ఆమె పాత రికార్డింగులు సర్దుతోంది. కొన్నిటికి పేరు మార్చబోతే మెషీన్ ఒప్పుకోవడం లేదు, అనుమతి లేదంటోంది. ఏ ఫైల్ ఎవరిదో చూపించే జాబితా తెరిచి, నన్ను పిలిచి, యజమాని పేరుండే గడి మీద వేలు పెట్టింది.

"ఈ నోబడీ ఎవరు సార్?"

మొదటి ఏడాది రికార్డింగులన్నిటికీ, వాళ్ల అమ్మమ్మ పాటలతో సహా, యజమాని గడిలో ఆ పేరే ఉంది. నోబడీ. ఎవరూ కాదు.

దీనికి సాంకేతికమైన జవాబు సులువు. ఏ లైనక్స్ మెషీన్లోనైనా రూట్ అనే సర్వాధికారి ఒకడుంటాడు. ఒక క్లయింట్‌లో రూట్ అయినంత మాత్రాన సర్వర్‌లోని ఫైళ్ల మీద కూడా పెత్తనం చేస్తానంటే ప్రమాదం. అందుకని క్లయింట్ నుంచి రూట్ పేరుతో ఏ కోరిక వచ్చినా సర్వర్ దాని కిరీటం తీసేసి, ఏ హక్కులూ లేని ఒక అనామకుడి కింద జమకడుతుంది. ఆ అనామకుడి పేరు నోబడీ, చాలా లైనక్స్‌లలో అతని నంబర్ 65534. మొదట్లో ఎవరో రికార్డర్ మెమరీ కార్డుల్లోంచి పాటలన్నిటినీ రూట్‌గా ఎక్కించారు. అన్నీ నోబడీవి అయిపోయాయి.

అక్కడితో అయిపోలేదు. రెండో ఏడాది ఫైళ్లలో ఆమె ఎక్కించినవి ఇంకో అమ్మాయి పేరు మీద, ఆ అమ్మాయివి ఈమె పేరు మీద కనపడుతున్నాయి. ఈ పాత పద్ధతిలో మనిషి పేరు నెట్‌వర్క్ మీద ప్రయాణించదు, నంబర్ మాత్రమే వెళ్తుంది. ఇప్పటి లైనక్స్‌లు ఎక్కువగా మొదట చేరిన మనిషికి 1000, తర్వాతి మనిషికి 1001 ఇస్తాయి. ఒక లాప్‌టాప్‌లో ఈమె ముందు చేరింది, ఇంకోదాంట్లో ఆ అమ్మాయి ముందు చేరింది. సర్వర్‌కి వెయ్యి అంటే ఒకరే. మూడు మెషీన్లలోనూ నంబర్లు ఒక్కలా ఉండేలా సరిచేసి, పాత ఫైళ్ల యజమానిని మార్చడానికి మాకు పూట పట్టింది. సర్వర్ దగ్గరే కూర్చుని చెయ్యాలి, ఎందుకంటే క్లయింట్ నుంచి రూట్ మాట చెల్లదు.

ఇదంతా చెప్పాను. విన్నది. అర్థమైందని తలూపింది. తర్వాత అడిగింది: "ఇప్పుడు అమ్మమ్మ పాటకి నా పేరొచ్చింది. కానీ పాట నాది కాదు కదా?"

యజమాని అంటే ఇక్కడ ఫైల్‌ని మార్చే హక్కున్న మనిషి మాత్రమే, పాట సొంతదారు కాదు అన్నాను. అన్నానే గానీ, ఆ మాట నాకే చప్పగా వినిపించింది. సాహిత్యం చదివేవాడిగా నేను ఆ గడిని చాలాసార్లు చూశాను. మన జానపద గేయ సంకలనాలు తిరగెయ్యండి. పాట కింద "సేకరణ" అని సేకరించినవారి పేరుంటుంది. పాడిన మనిషి పేరు చాలాచోట్ల ఉండదు. ఉంటే "ఒక వృద్ధురాలు". కర్త అజ్ఞాతం. ఆ పాటని అందరూ పాడతారు కాబట్టి ఎవరిదీ కాదని మనం చెప్పుకున్నాం. కానీ ఆ రోజున, ఆ ఊళ్లో, ఆ మలుపు తిప్పి, ఆ చరణం కలిపి పాడింది ఒక మనిషి. ఆమెను మనం నోబడీ కింద జమకట్టాం.

ఈ కొండల మాటలు బయటి సర్వర్లలోకి వెళ్లడం కొత్తేమీ కాదు. గ్రియర్సన్ లింగ్విస్టిక్ సర్వే కోసం ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో తీసిన గ్రామఫోన్ రికార్డులు లండన్లో భద్రంగా ఉన్నాయి, ఇప్పుడు ఇంటర్నెట్లో వినొచ్చు కూడా. కొండరెడ్ల మీద 1945లో పుస్తకం తెచ్చిన హైమెన్‌డార్ఫ్ ఫొటోలూ లండన్ యూనివర్సిటీలోనే ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి కొండ భాషకు రాసిన వ్యాకరణం 1969లో వచ్చింది. గిడుగు రామమూర్తి సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశాడు. వీళ్ల పని లేకపోతే కువి, కొండ భాషలు తెలుగుకి దగ్గరి చుట్టాలనే సంగతి కూడా మనలో చాలామందికి తెలిసేది కాదు. ఆ పని విలువ తగ్గించడం కాదు నా ఉద్దేశం. ఆ ఏర్పాటులో కొండ ఎప్పుడూ క్లయింటే అంటున్నాను. తన పాట వినాలన్నా అవతలివాళ్లని అడగాలి. పెదబయల్లో మొదటిసారి సర్వర్ వెనక గదిలో ఉంది.

అందుకే నాకు భయం కూడా వేసింది. మూడేళ్ల పని, ఒకే డిస్కు, ఆగి వచ్చే కరెంటు. ఆ అమ్మాయి అమ్మమ్మ ఆ వానాకాలంలోనే పోయింది. మళ్లీ రికార్డు చేసుకునే వీలు లేదు. నా వృత్తి నాకు నేర్పిన మొదటి సూత్రం: ఒక్క కాపీ ఉందంటే ఏదీ లేనట్టే. అన్నీ క్లౌడ్‌లో పెట్టేద్దాం, నెలకయ్యే ఖర్చు నేను చూసుకుంటాను అన్నాను.

మాస్టారు సరేనన్నారు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు.

"అన్నీ పెట్టకూడదు సార్. కొన్ని పాటలు బయటకి ఇయ్యొద్దని చెప్పింది అమ్మమ్మ. రికార్డు చేసుకో, నువ్వు నేర్చుకో, ఊరు దాటించకు అంది."

"దానికి తాళం వేద్దామమ్మా, పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ వినలేరు."

"తాళం ఎవరి దగ్గరుంటాది సార్?"

ఈ ప్రశ్నకు మా ఆఫీసు మీటింగుల్లో గంటల తరబడి జవాబులు చెబుతాం. ఎన్‌క్రిప్షన్, కీ మేనేజ్‌మెంట్, యాక్సెస్ పాలసీ అంటాం. ఆ గదిలో ఆ మాటలన్నీ ఒకే అర్థానికి వచ్చాయి: నన్ను నమ్ము. ఆమె నన్ను నమ్మలేదని కాదు. ఆ మాట ఇచ్చింది వాళ్ల అమ్మమ్మకి, నాకు కాదు. అడగవలసిన మనిషి ఇప్పుడు లేదు. కాబట్టి చెప్పింది చెప్పినట్టే ఉండాలి.

మాస్టారికి కోపం వచ్చింది. "రేపు ఈ డిస్కు పోతే ఏటి చేస్తావమ్మా? మీ అమ్మమ్మ గొంతే ఉండదు" అన్నారు. ఆయనదీ న్యాయమే. చేజారిపోయినవి చాలా చూసిన మనిషి. 2004 ప్రాంతంలో గిరిజన భాషల్లో బడి పుస్తకాలు వేసినప్పుడు, తెలుగు లిపిలో కువి అచ్చులో చూసి ఎంత సంబరపడ్డారో మాకు అంతకుముందు రాత్రే చెప్పారు. ఇప్పుడు ఆ పుస్తకాల కాపీ ఒక్కటి కూడా ఆయన దగ్గర లేదు.

ఇద్దరూ చెప్పేది నిజమే అయినప్పుడు ఏం చెయ్యాలో ఏ మాన్యువల్లోనూ ఉండదు. కానీ ఎన్ఎఫ్ఎస్ నాలుగో వెర్షన్లో నాకు నచ్చే ఏర్పాటొకటి ఉంది. ఈ వెర్షన్లో సర్వర్ గుర్తుపెట్టుకోవడం నేర్చుకుంది. అది ఆగి మళ్లీ లేచినప్పుడు కొంత గడువిస్తుంది, లైనక్స్‌లో మామూలుగా 90 సెకన్లు. ఆ గడువులో ఫైళ్లు కొత్తగా తెరుస్తామనేవాళ్లని ఆపి ఉంచుతుంది. ఇదివరకు ఏ ఫైల్ ఎవరి చేతిలో ఉందో, ఏ తాళం ఎవరు వేసుకున్నారో, ఆ పాతవాళ్లే ముందుగా వచ్చి చెప్పుకోవాలి. వాళ్ల వంతు అయ్యాకే మిగిలినవాళ్లకు. పాటల విషయంలో కూడా ఆ గడువు ఇద్దాం అన్నాను. క్లౌడ్ సంగతి తర్వాత. ముందు ఏ పాట ఎవరిదో వాళ్లు వచ్చి చెప్పుకోనీ.

మూడో రోజు సంతలో నాలుగు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాం. ఆ అమ్మాయే గీతలు గీసింది. పాట నంబర్. పాడినవాళ్ల పేరు. ఊరు. ఎప్పుడు. రికార్డు చేసినవాళ్లు. చివర ఒక వెడల్పాటి గడి, దాని మీద "ఎవరు వినొచ్చు" అని రాసింది. బతికున్నవాళ్ల దగ్గరకు మళ్లీ వెళ్లి, వాళ్ల పాట వాళ్లకే వినిపించి, ఆ గడి నింపాలి. పోయినవాళ్లకి ఇంట్లోవాళ్లు చెప్పాలి. అందరూ వినొచ్చన్నవి క్లౌడ్‌కి వెళ్తాయి. వద్దన్నవి వెళ్లవు. ఈ ప్రాంతంలో సగం ఊళ్ల పేర్లు "పుట్టు"తో ముగుస్తాయి. నోట్‌బుక్ మొదటి పేజీ నిండా అవే.

వెళ్లకూడని వాటికి మాత్రం రెండో కాపీ ఉండాలని మాస్టారు పట్టుపట్టారు. ఆమెకు కూడా అభ్యంతరం లేదు, ఊరు దాటకపోతే చాలు. నా బ్యాగులో ఉన్న ఒక టెరాబైట్ డిస్క్ ఖాళీ చేసి, ఆమె వాళ్ల అమ్మమ్మ పాటలు అందులోకి ఎక్కించాను. అది ఇప్పుడు పెదబయల్లో లేదు, హైదరాబాద్‌లో అసలే లేదు. వాళ్ల ఊళ్లో, వాళ్ల మేనమామ ఇంట్లో, చోళ్లు పోసుకునే డబ్బా పక్కన తడి తగలకుండా రెండు కవర్లలో చుట్టి ఉంది. ఆర్నెల్లకోసారి కిందకి తెచ్చి, సర్వర్‌కి తగిలించి, కొత్తవి కలిపి, పాతవి సరిగా తెరుచుకుంటున్నాయో లేదో చూసి మళ్లీ పైకి పంపాలి. ఆ తేదీలు కూడా నోట్‌బుక్ చివరి పేజీలో రాసి ఉన్నాయి.

పోయిన వారం ఆమె నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. నోట్‌బుక్‌లో ఇరవై మూడో పేజీ. నోబడీ అని ఉన్న పాటల్లో పదకొండింటికి పేర్లు దొరికాయి. ఒక పాట దగ్గర మాత్రం ఇద్దరు ముసలమ్మలు నాదంటే నాదని పోట్లాడుకుంటున్నారట. ఏం రాయమంటారు సార్ అని అడిగింది.

ఇద్దరి పేర్లూ రాయమన్నాను. గడి వెడల్పుగానే ఉంది.